రెండు కొసలకే కాపలా: కృష్ణ లంకల్లో వన్యప్రాణికి చోటెంత?

దాచేపల్లి నుంచి నార్కెట్‌పల్లి వైపు వెళ్లే బస్సు పొందుగల దగ్గర కృష్ణ వంతెన ఎక్కుతుంది. అవతలి గట్టు వాడపల్లి, తెలంగాణ. నీళ్లు తక్కువ ఉన్న ఏడాది మాఘమాసం దాటాక వంతెన మీంచి చూస్తే రాతి పలకలు బయటపడి ఉంటాయి. వాటి నడుమ ఇసుక తిన్నెలు, తిన్నెల అంచున రెల్లు, తుంగ, అక్కడక్కడా సర్కారు తుమ్మ. బస్సులో వాళ్లకు అది ఎండిన ఏరు. తీతువు పిట్టకు మాత్రం కాన్పుల ఇల్లు. అది గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంత చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలతో ఉండే ఆ గుడ్లు కాలు పడేదాకా కంటికి ఆనవు. నల్ల టోపీ, పసుపు ముక్కు, ఎర్రని కాళ్లు ఉండే రివర్ టెర్న్ అయితే గులకరాళ్లు కూడా అడగదు, ఉత్త ఇసుక మీదే పెట్టేస్తుంది. రెంటచింతల ఎండ ఎలాంటిదో పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఎండలో గుడ్డు ఉడికిపోకుండా తల్లి వెళ్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది.

రివర్ టెర్న్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2020లో ప్రమాదపుటంచుల్లో ఉన్న జాతుల జాబితాలోకి మార్చింది. దక్షిణాది నదుల్లోనే బతికే లీత్ మెత్తడిప్ప తాబేలు పరిస్థితి ఇంకా అధ్వానం, దాన్ని అంతరించిపోయే దశకు ఒక్క మెట్టు పైన పెట్టారు. నీటికుక్కలు, మొసళ్లు, చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు, అన్నీ ఈ నదిని నమ్ముకున్నవే. వీటికి కృష్ణలో రక్షిత స్థలం ఎక్కడుంది అని వెతికితే విచిత్రమైన పటం కనిపిస్తుంది. అడవి ఉన్న పైకొసన కాపలా ఉంది. సముద్రంలో కలిసే కిందికొసన కాపలా ఉంది. నడుమ ఉన్న నదిని ఎవరూ పట్టించుకోలేదు. దాచేపల్లి ఉన్నది ఆ నడుమే.

పైకొస సంగతి ముందు చూద్దాం. నల్లమలలో కృష్ణకు రెండు పక్కలా ఉన్న అడవిని 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో అది ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంగా పేరు పొందింది. 2014లో రాష్ట్రం విడిపోగానే అడవీ విడిపోయింది. ఎడమ గట్టు అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. పులికి సరిహద్దు తెలియదు కాబట్టి పెద్ద ఇబ్బందేమీ రాలేదు, కాగితాలకే వచ్చింది.

ఈ అడవి ఒడ్డునే నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికి చేర్చారు. జలాశయం నిండాక కొండ దీవి అయింది. దానిని మనం బౌద్ధ క్షేత్రంగా, మ్యూజియంగా, లాంచీ విహారంగా చూశాం. జలాశయం నడుమ అడవి చెట్లతో మిగిలిన దీవిగా చూడడం తక్కువ. అక్కడికి దగ్గర్లోనే, చంద్రవంక మీద ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. మొత్తం మీద పైకొసన ఉద్యోగులున్నారు, చెక్‌పోస్టులున్నాయి, పులుల పుణ్యాన నిధులూ ఉన్నాయి. నదిలోని జీవాలకు ఆ నీడ కొంత దక్కుతుంది.

కిందికొస కథ ఇంతకంటే ఆసక్తికరం. అవనిగడ్డ దాటి నాగాయలంక, ఏటిమొగ వైపు పోతే కృష్ణ పాయలుగా చీలుతుంది. పాయల మధ్య దీవులు, దీవుల మీద మడ అడవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పు పొన్న. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ, అవతల పాత గుంటూరు జిల్లా వైపు కొత్తపాలెం, మూలగుంట, అడవులదీవి, లంకెవానిదిబ్బ రిజర్వు అడవులన్నీ కలిపి 1989లో కృష్ణా అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి వీఐపీ బావురు పిల్లి. ఇంటిపిల్లికి రెండింతలుండే ఈ జంతువు మిగతా పిల్లుల్లా నీళ్లంటే జంకదు. కాలివేళ్ల మధ్య కాస్త చర్మం ఉంటుంది. రాత్రి పాయ ఒడ్డున కదలకుండా కూర్చుని, నీటిమీద చేప కదలిక చూసి దూకుతుంది. మడ అడవుల్లో పెట్టిన కెమెరాలకు చిక్కేదాకా ఇక్కడ ఇది ఉందని స్థానిక జాలర్లకు తప్ప బయటివాళ్లకు పెద్దగా తెలియదు.

మడ అడవి విలువ దివిసీమకు పుస్తకాలు చెప్పలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చెప్పింది. అయినా ఆ తర్వాతి దశాబ్దాల్లో రొయ్యల చెరువులు ఎక్కడెక్కడ పాకాలో అక్కడల్లా పాకాయి. చెరువు గట్టుమీదికి వచ్చిన బావురు పిల్లి యజమానికి దొంగ. ఇదంతా తరచూ చెప్పుకునే విషయమే. దీనికంటే తీవ్రమైన సమస్య ఒకటుంది, అది సముద్రం వైపు నుంచి రాలేదు, మన వైపు నుంచే వెళ్లింది. దీవి నిలవాలంటే మట్టి రావాలి. 1960ల చివర్లో కృష్ణ ఏటా దాదాపు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు చేర్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని పరిశోధకులు లెక్కకట్టారు. మిగతాది ఆనకట్టల వెనక ఆగిపోయింది. అంటే నాచుగుంట దగ్గర ఎంతమంది గార్డులను పెట్టినా, దీవి అంచును కోసుకుపోయే కెరటాన్ని వాళ్లు ఆపలేరు. కిందికొస భవిష్యత్తు నడుమ నదిలోనే తేలుతుంది.

ఆ నడుమ నదికే వస్తే, సాగర్ ఆనకట్ట దాటిన దగ్గర్నుంచి మడ అడవి మొదలయ్యేదాకా కృష్ణ వరసగా మెట్లు దిగుతుంది. సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, తర్వాత పులిచింతల, తర్వాత ప్రకాశం బ్యారేజీ. సాగర్ జలవిద్యుత్ కేంద్రంలో వెనక్కి తిరిగే టర్బైన్లున్నాయి. కరెంటు కావలసినప్పుడు నీటిని కిందికి వదలడం, మిగులున్నప్పుడు టెయిల్‌పాండ్ నుంచి పైకి తోడడం వాటి పని. ఆ పనికి నీటిమట్టం రోజులోనే పెరుగుతూ తరుగుతూ ఉండాలి. పులిచింతల సామర్థ్యం 45.77 టీఎంసీలు, పూర్తి మట్టం 175 అడుగులు. 1988లో శంకుస్థాపన, 2004 తర్వాత నిర్మాణం, 2013 డిసెంబరులో ప్రారంభం. ముంపులో ఊళ్లు పోయాయి, పొలాలు పోయాయి, కోహినూరు దొరికిన చోటని చెప్పుకునే కొల్లూరు వజ్రాల గనులూ పోయాయి. వజ్రాల గురించి పత్రికలు చాలా రాశాయి. అక్కడి తిన్నెల మీద ఏయే ప్రాణులు గుడ్లు పెట్టేవో ఎవరూ రాయలేదు.

జలాశయం వచ్చాక కొన్ని తిన్నెలు శాశ్వతంగా మునిగాయి, కొన్ని గుట్టలు దీవులయ్యాయి. తంగెడ కోట దగ్గర, ఆవలి ఒడ్డున కట్టల చాటున నిలిచిన మట్టపల్లి గుడి దగ్గర నిలబడి చూస్తే నది సరస్సులా ఉంటుంది. ఎండాకాలం నీరు తగ్గగానే ఒండ్రు పట్టిన నేల తేలుతుంది. దాని మీద గొర్రెలు దిగుతాయి, ఒకప్పుడు తమదే అయిన చేలో మళ్లీ విత్తనం వేసుకునే రైతూ దిగుతాడు. అతన్ని తప్పుపట్టడం నావల్ల కాదు. కానీ పత్తికీ మిరపకీ కొట్టే మందులు ఎంత ఘాటైనవో పల్నాడుకు తెలుసు. ఆ చేల నీరు నాగులేటిలోనో, ఇంకో వాగులోనో దిగి కృష్ణలోకే చేరుతుంది. అవతలి గట్టున వాడపల్లి దగ్గర మూసీ కలుస్తుంది, హైదరాబాదు మురుగును వెంటబెట్టుకుని. చేపను తినే పిట్ట, చేపను తినే నీటికుక్క, చేపను అమ్ముకునే జాలరి, ముగ్గురూ ఒకే నీటి బాధితులు.

ఇంత నదికి చట్టం ఏదీ లేదా అంటే, చాలా ఉన్నాయి. ఉన్నవేవీ తిన్నె మీద గుడ్డుదాకా రావు. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం నీటి ప్రవాహానికి అడ్డు రాకుండా చూడడానికి పుట్టింది. కరకట్ట కట్టడాల గొడవ వచ్చినప్పుడే అది మనకు గుర్తుకొస్తుంది. లంక భూములు రెవెన్యూ శాఖవి. అవి స్థిరంగా ఉంటాయా, కోసుకుపోతాయా అన్నదాన్ని బట్టి తరగతులు చేసి సాగుకిస్తారు. ఇసుక గనుల శాఖది. నీళ్లు ఇరిగేషన్‌వి, చేపలు మత్స్యశాఖవి, కరెంటు జెన్‌కోది. ఒక్క తిన్నెకు ఇంతమంది యజమానులు. గుడ్డు చితికితే జవాబు చెప్పవలసినవాడు వీళ్లలో ఒక్కడూ లేడు.

అన్నిటికన్నా ఆశ్చర్యం 2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ నిబంధనలు. 1982లోనే మన దేశం చేరిన రామ్‌సర్ ఒప్పందం ప్రకారం నిలిచిన నీరూ పారే నీరూ, సహజమైనదీ మనిషి చేసిందీ అన్నీ చిత్తడి నేలలే. మన నిబంధనలు మాత్రం నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, తాగునీటికీ సాగునీటికీ కట్టిన జలాశయాలను ఆ నిర్వచనంలోంచి తీసేశాయి. పొందుగల దగ్గరిది నది, కాబట్టి లెక్కలోకి రాదు. పులిచింతల సాగునీటి జలాశయం, కాబట్టి అదీ రాదు. రెండింటి మధ్య తేలే దీవి ఇక ఎందులోకి వస్తుంది?

విభజన తర్వాత కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. దాని ముందు రెండు రాష్ట్రాలూ టీఎంసీల కోసం పోట్లాడుకుంటాయి. పోట్లాడుకోవాల్సిందే, మా మిరపతోటలకు ఆ నీరే దిక్కు. బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2010లో ఇచ్చిన తీర్పు నదిలో కనీస ప్రవాహం కోసమంటూ విడిగా కొంత నీటిని లెక్కలో చూపింది. అదొక్కటీ చెప్పుకోదగ్గ అడుగు. ఆ తీర్పు అమలు సుప్రీంకోర్టులో చిక్కుకుపోయింది. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు మరమ్మతు కోసం కొద్ది రోజుల్లోనే జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయాల్సివచ్చింది. అది అత్యవసరం, ఎవరూ కాదనరు. అయితే ఆ దింపుడు వల్ల ఒడ్డున ఏ ప్రాణి ఏమైందో చూసిరమ్మని పంపడానికి ఒక మనిషి కూడా లేకపోవడం అత్యవసరం కాదు, అలవాటు.

ఇసుక సంగతి విడిగా చెప్పాలి. కృష్ణలో అక్రమ తవ్వకాలపై జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వాన్ని 100 కోట్ల రూపాయలు జమ చేయమంది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, ఇసుక విధానాలు మారాయి, ఒకసారి ధర పెట్టారు, ఒకసారి ఉచితమన్నారు. ఇసుక ఎవరికి ఎంతకు అందాలి అన్నదే ప్రతిసారీ చర్చ. ఏ నెలలో తీయకూడదు, ఏ తిన్నెను ముట్టుకోకూడదు అన్న మాట ఎన్నికల సభల్లో వినపడలేదు. విజయవాడ దగ్గర భవానీ ద్వీపం దక్కించుకున్న భాగ్యం ఇంకో రకం. దాదాపు 130 ఎకరాల ఆ దీవిని పర్యాటకానికి అప్పగించాం. వరద వచ్చినప్పుడల్లా కట్టినవన్నీ మునుగుతాయి, మళ్లీ కడతాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయినప్పుడు నది ఆ దీవి తనదని మరోసారి గట్టిగానే చెప్పింది.

మరి ఇతరులు ఏం చేశారు?

శ్రీరంగపట్నం దగ్గర కావేరిలో రంగనతిట్టు ఉంది. అది ప్రకృతి ఒక్కటే చేసిన వింత కాదు. పదిహేడో శతాబ్దంలో మైసూరు రాజులు సాగునీటి కోసం కట్టిన అడ్డుకట్ట వెనక ఏర్పడిన చిన్న దీవులవి. 1940లో సలీం అలీ సలహా మీద మైసూరు సంస్థానం దాన్ని పక్షుల అభయారణ్యం చేసింది. మొత్తం నలభై ఎకరాల వ్యవహారం. 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది. సాగునీటి కట్ట వెనక దీవులకు కూడా రక్షణ సాధ్యమేనని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పటికీ పైన కేఆర్‌ఎస్ ఆనకట్ట నుంచి వరద వదిలితే దీవులు దెబ్బతింటాయి, ఇసుక బస్తాలు వేసి ఒడ్డు నిలబెడతారు. కాపాడడమంటే ఏటా చేసే ఈ మరమ్మతు కూడా.

చంబల్ మనకు ఇంకా దగ్గరి పాఠం. రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ మూడూ కలిసి 1970ల చివర్నుంచి ఒక నదినే అభయారణ్యంగా నడుపుతున్నాయి. మూడు రాష్ట్రాలకు సాధ్యమైంది రెండు తెలుగు రాష్ట్రాలకు కాదా? అక్కడ ఇసుక మాఫియాతో యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది, అదేమీ స్వర్గం కాదు. కానీ వేసవిలో తిన్నెల మీద కత్తెర ముక్కుల స్కిమ్మర్ పక్షులు గుడ్లు పెట్టే కాలంలో, ఒడ్డు ఊళ్ల మనుషులకే జీతమిచ్చి గూళ్లకు కాపలా పెట్టే పని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలుపెట్టింది. ఏటిలో నీరు తగ్గితే తిన్నె ఒడ్డుకు అతుక్కుంటుంది, కుక్కలు, నక్కలు, పశువులు నడిచి వచ్చేస్తాయి. వాటిని ఆపేది బోర్డు కాదు, కర్ర పట్టుకుని అక్కడ కూర్చున్న మనిషి.

దూరపు ఉదాహరణ ఒకటి. అమెరికా నడుమ నదుల్లో లీస్ట్ టెర్న్ అనే చిన్న పక్షిని 1985లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. అదీ మన రివర్ టెర్న్‌లాగే ఇసుక తిన్నెల మీద పెట్టేదే. మిస్సౌరి వంటి నదుల మీద ఆనకట్టలు నడిపే సైనిక ఇంజినీర్ల విభాగం గేట్ల లెక్కలో ఆ పక్షి గుడ్ల కాలాన్నీ చూడాల్సివచ్చింది. 2021లో ఆ పక్షిని ప్రమాద జాబితా నుంచి తీసేశారు, సంఖ్య పెరిగింది కాబట్టి. ఆనకట్టలు అలాగే ఉన్నాయి, కరెంటు అలాగే వస్తోంది.

మన దగ్గరా మంచి ఉదాహరణలు లేకపోలేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరివాళ్ల ఓర్పు మీదే ఏళ్లుగా పిల్లల్ని చేస్తున్నాయి. చెడ్డ ఉదాహరణ కొల్లేరు. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చారు. లంక గ్రామాల బతుకుకు మరో దారి చూపకుండా గీసిన గీత అది. చెరువులు మళ్లీ వచ్చాయి, గీత మీద రాజకీయం ఇప్పటికీ నడుస్తోంది. ప్లస్ 3కి కుదించాలన్న వాదనను పరిశీలించిన అజీజ్ కమిటీ కుదించొద్దనే చెప్పింది. చెప్పడం వేరు, ఒప్పించడం వేరు. పొందుగలలోనో తంగెడలోనో రేపు ఎవరైనా అభయారణ్యం బోర్డు పాతితే నేను కూడా మొదట అనుమానంగానే చూస్తాను.

అందుకే నా తీర్పు ఇది: నడుమ కృష్ణకు మరో అభయారణ్యం అక్కర్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో తెచ్చిన సవరణలో 36ఎ అనే సెక్షన్ ఉంది. ప్రభుత్వ భూమిని, ముఖ్యంగా రెండు రక్షిత ప్రాంతాలను కలిపే చోటును, స్థానికులతో సంప్రదించాక సంరక్షణ రిజర్వుగా ప్రకటించొచ్చు. నదీగర్భం ప్రభుత్వ భూమే. పైకొసనూ కిందికొసనూ కలిపేది ఇదే. ప్రైవేటు, ఊరుమ్మడి భూమికైతే 36సి ఉంది. కేరళలోని కడలుండి నదీముఖంలో 2007 నుంచి అలాంటి సామాజిక రిజర్వు నడుస్తోంది. వీటి నిర్వహణ సంఘాల్లో పంచాయతీలకు చోటుంటుంది. జాలరి వల ఆగదు, గొర్రెలకాపరి దారి మూయరు.

చేయకూడని పని ఒకటుంది, దాన్నే మనవాళ్లు అన్నిటికంటే ముందు చేస్తారు. మొక్కలు నాటడం. బ్రహ్మపుత్ర లంకలో జాదవ్ పాయెంగ్ ఒక్కడే అడవి పెంచాడు, ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది, ఆ కథ స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ లంకకు అడవి సరిపోయింది. కృష్ణ తిన్నెకు కావలసింది బోడిగా ఉండే ఇసుక. వరద మట్టం తగ్గిన నదిలో ఇప్పటికే సర్కారు తుమ్మ తిన్నెల్ని ఆక్రమిస్తోంది. వనమహోత్సవం పేరుతో మనం ఇంకో వంద మొక్కలు జోడిస్తే, దూరం నుంచే శత్రువును చూడాలనుకునే పక్షి అక్కడ గుడ్డు పెట్టదు. తుమ్మ కొట్టడమే అక్కడ పరిరక్షణ. నిలకడైన గుట్టల మీద, ఒడ్డున ఉన్న తుంగ, జమ్ము మీద మాత్రం చెయ్యి పడకూడదు, నీటికుక్క కన్నాలు అక్కడే.

గేట్ల సంగతికొస్తే, నీళ్లు ఆపమని ఎవరూ అడగడం లేదు. రివర్ టెర్న్ గుడ్లు పొదగడానికి దాదాపు మూడు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో నెల. ఆ కాలంలో తాగునీటికో కరెంటుకో వదలాల్సిన నీటిని ఒక్కసారిగా పోటెత్తించకుండా మెల్లగా పెంచితే చాలు. అడుగు ఎత్తు నీరు చాలు తిన్నె మీది గూళ్లన్నీ పోవడానికి. పాటించే షెడ్యూలులో ఒక వరుస చేర్చడం ఇంజినీర్లకు కష్టమైన పని కాదు, వాళ్లనెవరూ అడగలేదంతే. ఇసుక రీచ్‌ల అనుమతిలో ఫిబ్రవరి నుంచి మే దాకా గూళ్లున్న తిన్నెలను మినహాయించడమూ అలాంటిదే.

ముందు లెక్క కావాలి. సాగర్ దిగువ నుంచి బ్యారేజీ దాకా ఏ తిన్నె మీద ఏముందో రాసిన పుస్తకం అటవీ శాఖ దగ్గర ఉండాలి. దానికి పడవ, దుర్భిణి, ఒడ్డున పుట్టి పెరిగిన నలుగురు జాలర్లు చాలు. వాళ్లకు కూలి ఇవ్వాలి, ఉత్త ప్రశంసాపత్రం కాదు. పల్నాడు, సూర్యాపేట, నల్గొండ జిల్లాల కలెక్టర్లు, రెండు అటవీ శాఖలు వచ్చే ఫిబ్రవరిలోగా ఒకసారి వాడపల్లిలోనో దాచేపల్లిలోనో కూర్చోవాలి. ఏటి ఒడ్డు పంచాయతీల సర్పంచులు ఆ మాట తమ గ్రామసభ తీర్మానంలో రాసి పంపితే, కూర్చోక తప్పదు.